బలహీన బేస్ జత దగ్గర నిలిచిపోయే కంపనం: 201 జతల డీఎన్‌ఏ గొలుసుపై కేస్ స్టడీ

పొడవాటి గొలుసులో ఎక్కడైనా లోపం ఉంటే కంపనం అక్కడే చిక్కుకుపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ మాట సగమే నిజం. చిన్న లోపం కంపనాన్ని గట్టిగా పట్టి ఉంచవచ్చు. చాలా పెద్ద లోపం అసలు పట్టకపోవచ్చు. లోపం పరిమాణం కంటే అది ఏ స్ప్రింగ్‌లో ఉందన్నదే ముఖ్యం.

ఈ కేసులో 201 బేస్ జతల ఏ-టీ (అడెనిన్-థైమిన్) గొలుసు తీసుకున్నాం. మొదట నడిమి జతను పది శాతం బలహీనపరిచాం. తర్వాత ఆ బలహీనత తీసేసి, పక్కపక్క జతల మధ్య స్టాకింగ్‌ను (ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న జతలను కలిపి ఉంచే బలాన్ని) ఒక చోట పూర్తిగా తెంచాం. పది శాతం బలహీనత 39.05 సెం.మీ⁻¹ (స్పెక్ట్రోస్కోపీలో వాడే ఫ్రీక్వెన్సీ యూనిట్) దగ్గర స్థానిక కంపనాన్ని పుట్టించింది. దాని బరువులో (ఆంప్లిట్యూడ్ వర్గాల మొత్తంలో) 76 శాతం ఆ ఒక్క జతలోనే ఉంది. పూర్తిగా తెగిన స్టాకింగ్ మాత్రం ఒక్క స్థానిక కంపనాన్నీ ఇవ్వలేదు. కింద ఉన్న అంకెలన్నీ మామూలు ల్యాప్‌టాప్ మీద కొన్ని సెకన్లలో తిరిగి రాబట్టుకోవచ్చు. చాలావాటిని కాగితం మీదే సరిచూసుకోవచ్చు.

మోడల్, పరామితులు

వాడింది పెరార్, బిషప్ 1989లో ప్రతిపాదించిన మోడల్ కుటుంబం. ఇందులో ప్రతి బేస్ జతకూ ఒకే చలరాశి: రెండు పోగుల మధ్య జత ఎంత సాగిందన్న దూరం. జతలోని హైడ్రోజన్ బంధాలకు మోర్స్ పొటెన్షియల్ (బంధం సాగేకొద్దీ మెత్తబడే శక్తి వక్రరేఖ) వాడతారు, పక్క జతతో స్టాకింగ్‌కు స్ప్రింగ్ వాడతారు. పరామితులు కాంపా, జాన్సాంతి 1998లో ఇచ్చినవి. ఏ-టీ జతకు మోర్స్ లోతు 0.05 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్), దాని వెడల్పును నిర్ణయించే పరామితి ఆంగ్‌స్ట్రామ్‌కు 4.2. జీ-సీ (గ్వానిన్-సైటోసిన్) జతకు అవే 0.075 ఈవీ, 6.9. స్టాకింగ్ స్థిరాంకం చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు 0.025 ఈవీ, దాన్ని పెంచే గుణకం 2. ద్రవ్యరాశి 300 ఏఎంయూ (పరమాణు ద్రవ్యరాశి యూనిట్లు).

చిన్న కంపనాల దగ్గర మోర్స్ వక్రరేఖ కూడా స్ప్రింగ్‌లాగే పనిచేస్తుంది. ఆ స్ప్రింగ్ బిగువు = 2 × లోతు × వెడల్పు పరామితి వర్గం. ఏ-టీకి 2 × 0.05 × 17.64 = 1.764. జీ-సీకి 7.1415. ఈ బిగువును 'బ' అందాం. స్టాకింగ్ స్ప్రింగ్‌ను 'స' అందాం. ఇక్కడే మొదటి తప్పు దొర్లుతుంది. స విలువ 0.025 కాదు. జతలు సమతాస్థితిలో ఉన్నప్పుడు స్టాకింగ్ పదం 0.025 × (1 + 2) అవుతుంది, అంటే 0.075. ఆ మూడు రెట్ల గుణకాన్ని మరిచిపోతే బ్యాండ్ (గొలుసంతా పాకగల కంపనాల ఫ్రీక్వెన్సీల మేర) వెడల్పు 3.27 సెం.మీ⁻¹ నుంచి 1.1కి కుంచించుకుపోతుంది, లోపం దగ్గరి కంపనం ఉన్నదానికంటే చాలా బిగుతుగా కనబడుతుంది. ఫలితం చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

రెండో తప్పు √2 దగ్గర జరుగుతుంది. మొదటి మోడల్‌లో చలరాశిని √2తో భాగించి నిర్వచించారు, మోర్స్ ఘాతంలో √2 విడిగా కనిపిస్తుంది. 1998 పరామితులలో అది కనిపించదు, వెడల్పు పరామితిలోనే కలిసి ఉంది. ఒకచోటి సూత్రంలో ఇంకోచోటి అంకె పెడితే 39.99 సెం.మీ⁻¹ రావలసిన చోట 56.55 వస్తుంది. జవాబు 1.414 రెట్లు తేడాగా వచ్చిందంటే ముందు ఇక్కడ వెతకాలి.

యూనిట్ల మార్పిడికి గుర్తుంచుకోవలసిన అంకె ఒక్కటే: 521.47. బిగువును ద్రవ్యరాశితో భాగించి, వర్గమూలం తీసి, 521.47తో గుణిస్తే సెం.మీ⁻¹లో ఫ్రీక్వెన్సీ వస్తుంది. లోపం లేని ఏ-టీ గొలుసులో బ్యాండ్ అడుగు √(1.764/300) × 521.47 = 39.99, పైకొస √(2.064/300) × 521.47 = 43.25. గొలుసంతా కలిసి మోయగల కంపనాలన్నీ ఈ రెండింటి మధ్యే ఉంటాయి. వీటి బయట పడిన కంపనం గొలుసు వెంట ప్రయాణించలేదు. అందుకే అది లోపం దగ్గరే ఉండిపోతుంది.

మాట్రిక్స్‌ను దగ్గరగా చూస్తే

జతల బిగువులను పేర్చిన 201 × 201 మాట్రిక్స్‌లో సున్నా కాని గళ్లు వికర్ణం మీద, దానికి అటూ ఇటూ మాత్రమే ఉంటాయి. లోపలి జతకు వికర్ణం విలువ బ + 2స, అంటే 1.914. కొసల్లో ఒకవైపే పొరుగు ఉంటుంది కాబట్టి బ + స, 1.839. పక్క గళ్లన్నింటిలో −0.075. బలహీన జతలో లోతును 0.05 నుంచి 0.045కి తగ్గించాం, బిగువు 0.1764 తగ్గింది. 101వ జత దగ్గర మూడు వరుసల వికర్ణం 1.914, 1.7376, 1.914 అవుతుంది. అన్నింటినీ 300తో భాగిస్తే 0.006380, 0.005792, 0.006380. పక్క గళ్లు −0.00025. మొత్తం గొలుసులో మారినది నడిమి వికర్ణ గడి ఒక్కటే.

ఈ పది శాతం ఒక నిర్దిష్ట మిస్‌మ్యాచ్‌కు (తప్పుగా కూడిన బేస్ జతకు) సరిపెట్టిన అంకె కాదు, పద్ధతి చూపడానికి పెట్టుకున్న ఊహ. లోతు తగ్గించడం, వెడల్పు పరామితి తగ్గించడం ఒకటే అనుకోకూడదు. వెడల్పు పరామితి వర్గంగా వస్తుంది. దాన్ని 5 శాతం తగ్గించినా బిగువు 9.75 శాతం పడిపోతుంది.

మాట్రిక్స్‌ను డయాగనలైజ్ చేసే (దాని ఐగెన్ విలువలు, ఐగెన్ వెక్టర్లు, అంటే ఒక్కో కంపనం బిగువు, ఆకారం రాబట్టే) ముందు జవాబు కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచి అలవాటు. లోపం తగ్గించిన బిగువును 'త' అంటే, పొడవాటి గొలుసులో స్థానిక కంపనం బిగువు బ + 2స − √(త² + 4స²). ఇక్కడ 1.914 − √(0.03112 + 0.0225) = 1.6825. ఫ్రీక్వెన్సీ 39.05 సెం.మీ⁻¹, బ్యాండ్ అడుగుకు 0.94 కింద. ఒక జత నుంచి పక్క జతకు వెళ్లేసరికి ఆంప్లిట్యూడ్ √(1 + (త/2స)²) − త/2స రెట్లు అవుతుంది. అది ఇక్కడ 0.368. మాట్రిక్స్ నుంచి వచ్చే ఐగెన్ వెక్టర్ నడిమి నుంచి బయటికి 0.873, 0.321, 0.118, 0.043, 0.016 అని తగ్గుతూ పోవాలి. వర్గం చేస్తే నడిమి జతలో 76.2 శాతం, ఇరుగు పొరుగు జతల్లో చెరో 10.3 శాతం, ఆ పైవాటిలో చెరో 1.4 శాతం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెలు వీటితో మూడో దశాంశం దాకా కలవకపోతే ముందుకు వెళ్లకూడదు. దాదాపు ఎప్పుడూ దోషం యూనిట్లలోనో, ఇండెక్స్‌లోనో ఉంటుంది. పైథాన్‌లో 101వ జత ఇండెక్స్ 100 అన్నది మరిచిపోయినా ఈ గొలుసులో ఫ్రీక్వెన్సీ మారదు, లోపం ఒక జత పక్కకు జరుగుతుంది, అంతే. అందుకే ఆ పొరపాటు చాలాకాలం దొరకదు.

ఐగెన్ విలువల జాబితాలో అన్నిటికంటే చిన్నదాన్ని పట్టుకుని ఇదే స్థానిక కంపనం అనేయడం సరిపోదు. ప్రతి మోడ్‌కూ (కంపన రూపానికీ) పాల్గొనే జతల సంఖ్య లెక్కకట్టాలి: ఆంప్లిట్యూడ్ వర్గాల మొత్తాన్ని వర్గం చేసి, నాలుగో ఘాతాల మొత్తంతో భాగించాలి. ఇక్కడ స్థానిక మోడ్‌కు అది 1.66. బ్యాండ్ లోపలి మామూలు నిలకడ తరంగానికి 201లో మూడింట రెండు వంతులు, 134 దరిదాపుల్లో వస్తుంది. మధ్యలో ఏ విలువ కనబడినా ఆగి ఆ వెక్టర్‌ను గీసి చూడాలి.

ఎంత చిన్న లోపం, ఎంత పొడవు గొలుసు

ఒకే దిశలో సాగే గొలుసులో జతను ఎంత కొంచెం బలహీనపరిచినా స్థానిక కంపనం తప్పకుండా పుడుతుంది. కానీ అది బ్యాండ్ నుంచి విడిపోయే దూరం లోపం వర్గంతో పాటు తగ్గిపోతుంది. ఒక శాతం బలహీనతకు విడిపోయేది 0.012 సెం.మీ⁻¹ మాత్రమే. పాల్గొనే జతలు 17కు పెరుగుతాయి. కంపనం ఒక్కో వైపు 8.5 జతలకు సుమారు 2.7 రెట్లు సన్నగిల్లుతుంది. 201 జతల్లో ఇది ఇంకా హాయిగా ఇముడుతుంది.

0.1 శాతానికి దిగితే లెక్క చెడుతుంది. సన్నగిల్లే దూరం 85 జతలు అవుతుంది, కొసలు నూరు జతల దూరంలోనే ఉన్నాయి. లోపం విడదీసే బిగువు 0.0000104 అయితే, 201 జతల గొలుసులో మొదటి రెండు బ్యాండ్ మోడ్‌ల సహజమైన ఎడమే 0.0000183. లోపం పని ఎక్కడ ముగిసిందో, కొసల పని ఎక్కడ మొదలైందో ఇక తెలియదు. దీనికి పరిష్కారం ఒక్కటే. 51, 101, 201, 401 జతలకు అదే లెక్క మళ్లీ కట్టాలి. గొలుసు పెరిగినా కదలకుండా నిలిచిన ఫ్రీక్వెన్సీయే స్థానికం. పది శాతం లోపంలో 39.05 అన్నది 51 జతలకూ 401 జతలకూ ఒకటే. బ్యాండ్ మోడ్‌లు మాత్రం ప్రతిసారీ దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి. ఈ పరీక్ష చేయని స్థానిక మోడ్‌ను నమ్మవద్దు.

తెగిన స్టాకింగ్ ఎందుకు పట్టలేదు

ఇప్పుడు 100, 101 జతల మధ్య స్టాకింగ్ స్ప్రింగ్‌ను సున్నా చేద్దాం. నిజమైన నిక్‌లో ఒక పోగు వెన్నెముక తెగినా బేస్‌ల స్టాకింగ్ కొంత మిగులుతుంది, ఇది దాని అతి. ఇంత పెద్ద గాయం పెట్టినా బ్యాండ్ కింద ఏమీ రాదు.

కారణం సూటిగానే ఉంది. బ్యాండ్ అడుగున ఉన్న కంపనంలో జతలన్నీ ఒకే ఎత్తున, ఒకేసారి సాగుతాయి. అప్పుడు స్టాకింగ్ స్ప్రింగ్‌లు అసలు సాగవు. సాగని స్ప్రింగ్‌ను తెంచితే కంపనానికి తెలియదు. స్టాకింగ్‌ను సగం చేసినా, మొత్తం తీసేసినా అడుగు 39.99 దగ్గరే ఉంటుంది. బలహీనమైన స్టాకింగ్ స్థానిక కంపనాన్ని ఎప్పుడూ ఇవ్వదు. గట్టి స్టాకింగ్ ఇస్తుంది, అదీ బ్యాండ్ పైన. ఒక్క స్ప్రింగ్‌ను ఒకటిన్నర రెట్లు బిగిస్తే 43.64 సెం.మీ⁻¹ దగ్గర ఒక మోడ్ బ్యాండ్ దాటి బయటపడుతుంది. అందులో పక్క జతలు ఒకదానికొకటి ఎదురుగా కదులుతాయి, ఆంప్లిట్యూడ్ ఒక్కో జతకు సగమవుతుంది.

ఇక్కడ ఒక మోసం పొంచి ఉంటుంది. గొలుసు తెగితే రెండు ముక్కలకూ 39.99 దగ్గర ఒక్కో సమకంపనం ఉంటుంది. రెండింటి ఫ్రీక్వెన్సీ సరిగ్గా ఒకటే. ఐగెన్ విలువలు ఒకటైనప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ ఏ పాళ్లలోనైనా కలిపి ఇవ్వగలదు. ఒక్కోసారి బరువంతా ఎడమ ముక్కలోనే పడిన వెక్టర్ వస్తుంది. దాన్ని చూసి నిక్ ఎడమవైపు కంపనం నిలిచిందని రాసేయడం సులువు. పాల్గొనే జతల సంఖ్య 100 అని ఉంటుంది, ముక్క పొడవు అంతే. అది స్థానికం కాదు, ఆ ముక్క మొత్తం కంపిస్తోంది.

నిక్, బలహీన జత కలిసి వస్తే సంగతి మారుతుంది. తెగిన అంచునే పది శాతం బలహీన జత ఉంటే కంపనం 38.56 సెం.మీ⁻¹కి దిగుతుంది, 91 శాతం బరువు అంచు జతలోనే చేరుతుంది. గొలుసు నడుమ ఉన్నప్పటి 39.05, 76 శాతం కంటే ఇది లోతు, బిగుతు కూడా. రెండు వైపుల నుంచీ లాగి ఉంచే పొరుగుల్లో ఒకటి పోయింది కాబట్టి ఇలా జరుగుతుంది. హెలిక్స్ కొసలు, రెప్లికేషన్ ఫోర్క్ (డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు పోగులు విడిపోయే చోటు) లాంటి చోట్ల కంపనాలను పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ప్రొహోఫ్‌స్కీ బృందం 1980ల మొదటి నుంచే గ్రీన్ ఫంక్షన్ పద్ధతితో, ప్రతి పరమాణువునూ లెక్కలోకి తీసుకుని పరిశీలించింది. ఆ మోడల్ ముందు ఈ ఒక్క చలరాశి గొలుసు చాలా సరళమైనది. కానీ అంచు ఎందుకు ప్రత్యేకమో ఇందులోనే తేటగా కనిపిస్తుంది.

రెండు బలహీన జతలు

తెగని గొలుసులో బలహీన జతలు రెండు పక్కపక్కనే ఉంటే రెండు స్థానిక కంపనాలు వస్తాయి: 38.56, 39.91. మొదటిది సరిగ్గా పై పేరాలోని నిక్ అంచు ఫ్రీక్వెన్సీయే. ఇది యాదృచ్ఛికం కాదు. రెండు జతలూ కలిసి సాగినప్పుడు వాటి మధ్య స్ప్రింగ్ సాగదు, ఉన్నా లేనట్టే. ఒక్కో జతకూ అది తెగిన అంచులాగే ఉంటుంది. కాబట్టి 38.56 దగ్గర ఒక గీత కనబడితే అది నిక్ పక్కన ఉన్న ఒక బలహీన జతా, లేక పక్కపక్కన ఉన్న రెండు బలహీన జతలా అన్నది ఆ గీత ఒక్కటే చెప్పలేదు. 39.91 దగ్గర జోడీ ఉందేమో చూడాలి.

రెండు లోపాలూ పది జతల దూరంలో ఉంటే వాటి జోడీ మధ్య తేడా 0.00014 సెం.మీ⁻¹ మాత్రమే. రెండూ అచ్చంగా ఒకలాంటివైతే సాఫ్ట్‌వేర్ ఇచ్చే వెక్టర్లలో ఒక్కో లోపం మీద 38 శాతం చొప్పున బరువు పంచి ఉంటుంది, పాల్గొనే జతలు 3.3 అని వస్తాయి. దీన్ని పది జతల మేర పరుచుకున్న ఒకే కంపనంగా చదవకూడదు. ఒక లోపం బిగువును 0.001 మార్చి మళ్లీ లెక్క కడితే రెండూ విడిపోయి దేని దగ్గర అది నిలబడతాయి.

బరువు మారితే

లోపం ఎప్పుడూ బంధంలోనే ఉండదు, ద్రవ్యరాశిలోనూ ఉండవచ్చు. నడిమి జతను 330 ఏఎంయూ చేసి బిగువును మామూలుగా ఉంచితే స్థానిక కంపనం 39.12 దగ్గర వస్తుంది. పది శాతం బలహీన బంధం ఇచ్చిన 39.05కీ దీనికీ తేడా 0.07 మాత్రమే. ఫ్రీక్వెన్సీని బట్టి ఇది బరువు లోపమా, బంధం లోపమా అని తేల్చడం ప్రయోగంలో అసాధ్యమని ధైర్యంగా చెప్పవచ్చు.

ద్రవ్యరాశి మార్చినప్పుడు జరిగే కోడ్ పొరపాటు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది ఏ ఎర్రర్‌నూ చూపించదు. ప్రతి వరుసనూ ఆ జత ద్రవ్యరాశితో భాగిస్తే మాట్రిక్స్ సౌష్ఠవం కోల్పోతుంది: 101వ వరుసలో పక్క గడి −0.075/330, 102వ వరుసలో −0.075/300. పైథాన్ లైబ్రరీ నంపైలోని ఐగ్-హెచ్ (eigh) ఫంక్షన్ మాట్రిక్స్ సౌష్ఠవంగా ఉందనే నమ్మి కింది త్రిభుజాన్ని మాత్రమే చదువుతుంది. ఫలితంగా లోపానికి ఎడమవైపు ఒక స్ప్రింగ్, కుడివైపు ఇంకో స్ప్రింగ్ ఉన్నట్టు లెక్క సాగుతుంది. ఫ్రీక్వెన్సీ రవ్వంతే మారుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ వెక్టర్ ఒక వైపు ఒరిగి ఉంటుంది. సరైన పద్ధతి: రెండు జతల ద్రవ్యరాశుల లబ్ధం వర్గమూలంతో భాగించాలి, ఇక్కడ 314.6తో. నడిమి లోపానికి వెక్టర్ అటూ ఇటూ సమానంగా లేకపోతే మొదట ఈ లైన్‌ను చూడండి.

కాలంలో నడిపి చూసినప్పుడు

మాట్రిక్స్ లెక్కను సిమ్యులేషన్‌తో సరిచూసేటప్పుడు నాలుగు అంకెలు ముందే వేసుకోవాలి.

39.05 సెం.మీ⁻¹ అంటే 1.17 టెరాహెర్ట్జ్, ఒక ఊపుకు 0.854 పికోసెకన్లు. దీన్ని 0.94 దూరంలోని బ్యాండ్ అడుగు నుంచి విడదీసి చూడాలంటే కనీసం 36 పికోసెకన్ల రికార్డు కావాలి. హాన్ విండో (రికార్డును అంచుల దగ్గర మెల్లగా సున్నాకు దించే పద్ధతి) వాడితే దానికి రెట్టింపు. 200 పికోసెకన్లు నడిపితే నిశ్చింత. టైమ్ స్టెప్ 0.01 పికోసెకన్ పెడితే వెర్లే పద్ధతి (కదలికను కాలంలో అడుగడుగునా లెక్కకట్టే తీరు) వల్ల ఫ్రీక్వెన్సీ పైకి జరిగేది 0.01 సెం.మీ⁻¹ లోపే. తొందరపడి 0.05 పెడితే ఆ జరుగుడు 0.22 అవుతుంది, మనం కొలవాలనుకున్న ఎడంలో నాలుగో వంతు పోయినట్టే.

గొలుసులో తరంగాలు నడిచే గరిష్ఠ వేగం పికోసెకనుకు 0.31 జత. నడిమి నుంచి కొసకు వెళ్లి తిరిగి రావడానికి 201 జతల గొలుసులో దాదాపు 650 పికోసెకన్లు పడుతుంది. 51 జతల గొలుసులో 160 పికోసెకన్లకే ప్రతిధ్వని లోపం దగ్గరికి చేరుతుంది, ఆ తర్వాత కనబడే ఊగిసలాట లోపానిది కాదు. నడిమి జతను మాత్రమే లాగి వదిలితే దాదాపు 24 శాతం బ్యాండ్‌లోకి జారి పారిపోతుంది. అలా కాకుండా 0.873, 0.321, 0.118 ఆకారంలో మొత్తం లాగి వదిలితే పారిపోయేది ఉండదు.

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆంప్లిట్యూడ్. మోర్స్ బంధం సాగేకొద్దీ మెత్తబడుతుంది, ఫ్రీక్వెన్సీ పడుతుంది. నడిమి జతను 0.01 ఆంగ్‌స్ట్రామ్ లాగితే ఈ పడిపోవడం సుమారు 0.03 సెం.మీ⁻¹. 0.05 ఆంగ్‌స్ట్రామ్ లాగితే సుమారు 0.86. అంటే లోపం చేసిన పనికి దాదాపు సమానం. అంతకు మించి లాగితే లోపం లేని గొలుసులో కూడా కంపనం బ్యాండ్ కిందికి జారి తనంతట తానే ఒకచోట నిలుస్తుంది. దాన్ని బ్రీదర్ అంటారు. అది లోపం వల్ల వచ్చిందని చెప్పడానికి వీల్లేదు. 300 కెల్విన్ దగ్గర ఇదే మోడల్‌లో ఒక్కో జత సగటు కదలిక 0.12 ఆంగ్‌స్ట్రామ్, మోర్స్ లోతు ఉష్ణశక్తికి రెండింతలే. గది ఉష్ణోగ్రతలో 39.05 అనే సన్నని గీత ఉండదు. ఆ అంకె చిన్న కంపనాల లెక్కకే చెల్లుతుంది.

అసలు డీఎన్‌ఏలో, అసలు స్పెక్ట్రమ్‌లో

సహజ సీక్వెన్స్‌లో ఏ-టీ, జీ-సీ కలిసి ఉంటాయి. జీ-సీ బ్యాండ్ ఈ మోడల్‌లో 80.46 నుంచి 82.13 వరకు ఉంటుంది, ఏ-టీ బ్యాండ్‌కు చాలా దూరం. రెండింటి బిగువు తేడా స్టాకింగ్ స్ప్రింగ్‌కు 72 రెట్లు. జీ-సీ గొలుసులో ఒక ఏ-టీ జత పెడితే కంపనం 41.63 దగ్గర వస్తుంది, పక్క జతలోకి 1.4 శాతం ఆంప్లిట్యూడ్ మాత్రమే వెళుతుంది. అంటే ఏ లోపమూ లేని ఆరోగ్యకరమైన సీక్వెన్స్‌లో కూడా కంపనాలు ఏ దీవిలో ఆ దీవిలోనే ఉంటాయి. స్థానికత ఒక్కటే లోపానికి సాక్ష్యం కాదు. ఏ-టీ వరుసలాంటి ఏకరూప గొలుసును ఈ కేసుకు ఎంచుకోవడానికి కారణం అదే.

నీరు ఇంకో అడ్డు. తక్కువ ఫ్రీక్వెన్సీ కంపనాలను చుట్టూ ఉన్న నీరు బాగా అణచివేస్తుంది, 0.94 సెం.మీ⁻¹ ఎడం ఆ వెడల్పులో కలిసిపోతుంది. ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీలో, మైక్రోవేవ్ ప్రాంతంలో, డీఎన్‌ఏ ద్రావణాల్లో పదునైన శోషణ శిఖరాలు ఉన్నాయని 1984లో ఒక నివేదిక వచ్చింది. 1987లో వేరే బృందాలు కొలిచినప్పుడు అవి కనబడలేదు. కంపనం ఉందని లెక్క చెప్పడం ఒకటి, నీటిలో శిఖరంగా కనబడటం ఇంకొకటి.

లోపం దగ్గరి కంపనాన్ని రోజువారీ ఇన్‌ఫ్రారెడ్ యంత్రంలో కళ్లారా చూడాలంటే పాలిథీన్‌కు చుట్టాలైన పొడవాటి ఆల్కేన్లు నయం. నిటారైన ట్రాన్స్ గొలుసులో గాష్ మెలిక పడితే సీహెచ్2 వ్యాగింగ్ (ఆ గుంపు ముందుకూ వెనక్కూ ఊగే కంపనం) ప్రాంతంలో కొత్త శిఖరాలు వస్తాయి: కొస గాష్‌కు 1341 సెం.మీ⁻¹, పక్కపక్క రెండు గాష్‌లకు 1353, మధ్యలో ట్రాన్స్ ఉన్న కింక్‌కు 1366, 1306. ఈ కేటాయింపుల్లో రాబర్ట్ స్నైడర్ 1967 పని పునాది. పరిమాణం తేల్చడానికి 1378 దగ్గరి మిథైల్ శిఖరాన్ని కొలబద్దగా వాడతారు, ఎందుకంటే దాని బలం గొలుసు ఆకారంతో పెద్దగా మారదు. 1366 దానికి మరీ దగ్గర, దాని తోకలో కూరుకుపోతుంది. బేస్‌లైన్ సరిగా తీయకపోతే కింక్‌ల సంఖ్య ఇష్టం వచ్చినట్టు మారుతుంది, కాబట్టి 1306తో సరిచూడకుండా ఆ అంకెను ప్రకటించకూడదు.

అంతకంటే శుభ్రమైన పద్ధతి ఐసోటోప్. గొలుసులో ఒక్క కార్బన్ దగ్గర రెండు హైడ్రోజన్ల బదులు డ్యుటీరియం పెడితే ఆ గుంపు బరువెక్కుతుంది. మన 330 ఏఎంయూ జతలాగే దాని రాకింగ్ (పక్కలకు ఊగే) కంపనం 720 దగ్గర మొదలయ్యే సీహెచ్2 బ్యాండ్‌కు చాలా కిందికి జారి, అక్కడ ఒంటరిగా నిలుస్తుంది. అటూ ఇటూ ట్రాన్స్ అయితే 622, ఒకవైపు గాష్ అయితే 650 దరిదాపుల్లో. రెండు శిఖరాల వైశాల్యాలను పోల్చితే సరిగ్గా ఆ కార్బన్ దగ్గర ఎన్ని గొలుసులు మెలిక తిరిగాయో తెలుస్తుంది. డ్యుటీరియంను గొలుసు కొస నుంచి నడిమికి జరుపుతూ 21 కార్బన్ల ఆల్కేన్‌లో కొలిచినప్పుడు, కరిగే ముందు వచ్చే రోటేటర్ దశలో (గొలుసులు తమ అక్షం చుట్టూ తిరగగల ఘన దశలో) మెలికలు కొసల దగ్గర ఎక్కువగా, నడిమికి వెళ్లేకొద్దీ తక్కువగా ఉన్నాయని తేలింది.